ఊరి క్షేమమును కొలుచుట యెట్లు?

ఒక గ్రామముగాని పట్టణముగాని క్షేమకరమైనదా కాదా యను ప్రశ్న మన యిండ్లలో తరచుగ పుట్టుచుండును. కుమార్తెను బందరు కళాశాలకు పంపదలచిన తండ్రియు, గుడివాడలో నిల్లు కొనదలచిన యుద్యోగియు, బదిలీపై దివిసీమకు రానున్న యుపాధ్యాయినియు మొదట నడుగు మాట యిదియే. దీనికి వచ్చు ప్రత్యుత్తరములు రెండు విధములు. కొందరు “ఆ ఊరు మంచిది కాద”ని తాము విన్నమాట చెప్పుదురు. మరికొందరు వార్తాపత్రికలో చదివిన యొక సంఖ్యను చెప్పుదురు. విన్నమాటకంటె సంఖ్య మేలే. కాని సంఖ్యను చదువు విధ మెరుగనివానికి అదియు విన్నమాటతో సమానమే యగును. కావున నేరముల లెక్క యెట్లు పుట్టుచున్నదో, అది యేమి చెప్పగలదో, యేమి చెప్పజాలదో యీ వ్యాసమున వివరింప నెంచితిమి.

లెక్క పుట్టు విధము

నేరము జరుగుట వేరు. అది లెక్క కెక్కుట వేరు. ఒకని సైకిలు పోయినదనుకొందము. అతడు పోలీసు స్టేషనుకు పోయి చెప్పవలెను. చెప్పినదానిని అచ్చటి యధికారి వ్రాసికొనవలెను. వారంటు లేకయే పోలీసువారు దర్యాప్తు చేయుటకు చట్ట మధికారమిచ్చిన నేరమైనచో దానిని ప్రథమ సమాచార నివేదికగా నమోదు చేయవలెను. అప్పుడు గాని యా సైకిలు జిల్లా లెక్కలో చేరదు. బందరున రాబర్ట్‌సన్‌పేట, ఇనగుదురు, చిలకలపూడి స్టేషన్లలోను, గుడివాడ, అవనిగడ్డ మొదలగు చోట్లను ఇట్లు నమోదైన కేసులు జిల్లా లెక్కలోనికిని, అందుండి రాష్ట్రపు లెక్కలోనికిని, తుదకు ఢిల్లీలోని జాతీయ నేర గణాంక సంస్థకును చేరుచున్నవి. ఈ సంస్థ 1986వ సంవత్సరమున నేర్పడినది. దేశమంతటి నేరముల సాంవత్సరిక సంపుటము మాత్రము 1953వ సంవత్సరపు లెక్కలతోనే మొదలైనది.

ఈ సంపుటమునందు ఒక నియమము గలదు. ఒకే కేసులో పలు నేరములున్నచో వానిలో మిక్కిలి గురుతరమైన దొక్కటియే లెక్కింపబడును. దోచుకొనవచ్చినవాడు హత్యకూడ చేసినచో ఆ కేసు హత్యల వరుసలో మాత్రమే చేరును. కావున చిన్న నేరముల సంఖ్య ఉన్నదానికంటె కొంత తక్కువగ కనబడుట సహజము.

రెండూళ్లను పోల్చుట

2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము బందరు పట్టణమున సుమారు 1,70,000 మందియు, గుడివాడ పట్టణమున సుమారు 1,18,000 మందియు నుండిరి. ఒక యేట రెండు పట్టణములందును 200 దొంగతనముల చొప్పున నమోదైనవని కేవల ముదాహరణముకొరకు ఊహింతము. సంఖ్య యొక్కటియే గదా, రెండూళ్లును సమానమే యనవచ్చునా? అనరాదు. లక్షమందికి ఇన్ని యని లెక్కించినచో బందరునకు దాదాపు 118, గుడివాడకు దాదాపు 169 వచ్చును. బాలబాలికలు ఈ భాగహారమును తామే చేసి చూడవచ్చును. లక్ష జనాభాకు వచ్చు నీ సంఖ్యనే నేరముల రేటందురు. ఊరిని ఊరితో పోల్చువారు దీనినే చూడవలెను.

చిన్న యూళ్ల విషయమున మరియొక జాగ్రత్త యవసరము. దివిసీమలోని యొక మండలమున నిరుడు ఒక హత్యయు, ఈ యేడు రెండు హత్యలును జరిగినవనుకొనుడు. “హత్యలు నూటికి నూరుపాళ్లు పెరిగెన”ని వ్రాసినచో అది అబద్ధము కాదు, కాని చదువరి గుండె ఊరక ఝల్లుమనును. చిన్న సంఖ్యలు స్వభావముచేతనే ఎగసి పడుచుండును. అట్టిచోట నయిదారేండ్ల లెక్కను వరుసగ జూడవలెను.

సంఖ్య పెరిగినను నేరము పెరుగకుండుట

2019వ సంవత్సరమున దేశమున 51,56,158 కేసులు నమోదుకాగా, 2020లో 66,01,285 కేసులు నమోదైనవి. అనగా నొక్క యేటిలో నూటికి 28 పాళ్లు హెచ్చినవి. దేశమంతయు దొంగలపాలైనదా? కాలేదు. అది కరోనా వ్యాధి ప్రబలిన సంవత్సరము. గడప దాటరాదని ప్రభుత్వ మాజ్ఞాపించెను. ఆజ్ఞ మీరినవారిపై నాటి శిక్షాస్మృతి 188వ సెక్షను క్రింద పెట్టిన కేసులు 2019లో 29,469 కాగా, 2020లో 6,12,179 అయ్యెను. దొంగతనముల కేసులు ఆ యేడు తగ్గినవి. స్త్రీలపై జరిగిన నేరముల కేసులును తగ్గినవి. అయితే ఈ తుది తగ్గుదలకు సంతోషింపదగునా? బాధించువానితోడనే యొకే కప్పుక్రింద మూయబడిన స్త్రీ స్టేషను మెట్లెక్కుట యెట్లు? పెరిగిన సంఖ్యను జూచి భయపడుటకు ముందును, తగ్గిన సంఖ్యను జూచి సంతోషించుటకు ముందును, ఏలయని యడుగవలెను.

సంక్రాంతి కోడిపందెములు మన డెల్టాలో నెల్లరకును దెలిసినవే. పందెమాడినవాడు ఫిర్యాదు చేయడు, చూడవచ్చినవాడును చేయడు. కావున జూదపు కేసుల సంఖ్య పోలీసువా రెన్ని బరులపై దాడి చేసిరో చెప్పునేగాని, ఎన్ని పందెములు జరిగెనో చెప్పదు. కష్టించి పనిచేసిన స్టేషనుకు హెచ్చు కేసులును, ఊరకున్న స్టేషనుకు తక్కువ కేసులును లెక్కకు వచ్చును. అక్షరాస్యతలో దేశమునకు ముందువరుసనున్న కేరళమున నేరముల రేటు దేశపు సగటుకంటె మిక్కిలి హెచ్చుగ నుండుటకు, అచ్చటి ప్రజలు ఫిర్యాదుచేయ జంకకపోవుటయు నొక కారణమని పెద్దలు చెప్పుదురు. నేరము పెరుగుటయు, నేరముల నమోదు పెరుగుటయు వేర్వేరు సంగతులని గణాంక సంస్థవారే తమ సంపుటములయందు హెచ్చరించియున్నారు.

రైలు ప్రయాణికుల సంగతి

గుడివాడ రైల్వే కూడలి. అచ్చటనుండి విజయవాడకు, బందరునకు, భీమవరమునకు మార్గములు గలవు. గుమాస్తాలు, దుకాణములలో పనిచేయువారు, విద్యార్థులు అనేకులు దినదినము విజయవాడకు పోయి సాయంకాలమునకు తిరిగి వత్తురు. అట్టివాని చేతిసంచి బండిలో పోయినచో ఆ కేసు రైల్వే పోలీసువారి పుస్తకమున కెక్కును. ఆ లెక్క జిల్లా లెక్కతో కలియక ప్రత్యేకముగ నుండును. విజయవాడ బజారులో పోయినచో నది విజయవాడ నేరమగును. నష్టపడినవాడు గుడివాడవాడే, గుడివాడ లెక్కలో మాత్ర మతని నష్టము కానరాదు. పెద్ద నగరమునకు పగటిపూట వచ్చిపోవు వేలమంది యచ్చటి జనాభాలో చేరరుగాని, వారికి జరుగు నష్టములు మాత్ర మచ్చటి నేరములలో చేరును. అందుచే నగరము ఉన్నదానికంటె చెడ్డదిగను, చుట్టుపట్టు లున్నవానికంటె మంచివిగను కనబడవచ్చును.

ఇంగ్లాండులో లండనుకు దినదినము రైలుపై పోయివచ్చువారు నివసించు రెడింగు, లూటను వంటి పట్టణములకును ఇదే చిక్కు గలదు. అచ్చటివారు పోలీసు పుస్తకముల నొక్కటినే నమ్మక, 1982వ సంవత్సరమునుండి ఇంగ్లాండు, వేల్సు దేశములలో కొన్ని యిండ్లను ఎంచుకొని, “గడచిన యేట మీకేమి నష్టము జరిగినది? పోలీసులకు చెప్పితిరా?” యని నేరుగ నడుగుచున్నారు. పుస్తకమున కెక్కని నేరములు చాల గలవని దానివలన తేటపడినది. 2014లో అచ్చటి పోలీసు తనిఖీ శాఖవారు పరీక్షింపగా, ప్రజలు వచ్చి చెప్పిన నేరములలోనే నూటికి 19 వంతున నమోదుకాలేదని తేలినది. అంతటి పాత వ్యవస్థయందే యిట్లున్నప్పుడు మనము మన లెక్కలను మరింత జాగ్రత్తతో చదువవలెను.

చెప్పబడని నేరము

ఇంతవరకు చెప్పినదంతయు నంకెల సంగతి. దీనిలో మన పిల్లల బ్రదుకు ఇమిడియున్నదని తల్లిదండ్రులు గుర్తింపవలెను. బస్సులో నొక బాలికను ఎవడో ప్రతిదినము బాధించుచున్నాడనుకొందము. ఇంట చెప్పినచో చదువు మాన్పింతురని యామె చెప్పదు. తెలిసిన తండ్రి పరువునకు జంకి నిజముగనే చదువు మాన్పించును. ఆ యేటి లెక్కలో నా మండలమున నొక్క కేసైనను ఉండదు. లెక్క శుభ్రముగ నున్నది; బాలిక చదువు మాత్రము పోయినది. ఇట్టి యూరిని క్షేమకరమైనదనుట న్యాయమా?

మరియొక యపోహను గూడ తొలగించుకొనవలెను. అపాయము ఎప్పుడును క్రొత్తవానినుండియే వచ్చునని తలచెదము. స్త్రీలపై బలాత్కారపు కేసులలో నూటికి తొంబదియైదింటికి పైగా నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడని గణాంక సంస్థవారి లెక్కలు ఏటేట తెలుపుచున్నవి. చుట్టము, పొరుగువాడు, పరిచితుడు అను పేర్లు తమంతట రక్షణ కాజాలవు. పల్లెలలో పెద్దమనుషులు కూర్చుండి గట్టు తగవును, నీటి తగవును తీర్చుట మంచిదే. కాని బాలల దేహమర్యాదకు భంగము కలిగిన సంగతిని సొమ్మిచ్చి సర్దివేయుటకు వారికి హక్కులేదు. 2012వ సంవత్సరపు పోక్సో చట్టము ప్రకారము అట్టి నేర మెరిగినవారు పోలీసులకు తెలుపవలెను, తెలుపకుండుటయే శిక్షార్హము. ఇది ఉపాధ్యాయులకును వర్తించును.

విన్నమాటల విషయమున మన పొరుగుననే యొక పాఠము గలదు. 1871వ సంవత్సరమున ఆంగ్ల ప్రభుత్వమువారు చేసిన చట్టము కొన్ని జాతులను జాతులుగనే నేరస్థులని నిర్ణయించెను. 1911లో అది మద్రాసు రాజధానికిని వ్యాపించెను. బాపట్ల చేరువనున్న స్టూవర్టుపురమున సాల్వేషను ఆర్మీవారి పర్యవేక్షణక్రింద ఎరుకల కుటుంబము లనేకము నిలుపబడినది ఆ కాలముననే. పుట్టిన శిశువునకును నేరస్థుడను పేరు పుట్టుకతోనే వచ్చెను. 1952లో ఆ చట్టము రద్దయినది. కాని ఊరిపేరు చెప్పగనే అనుమానముతో చూచు నలవాటు తరములకొలది నిలిచినది. “ఫలానా పేటవారందరు నిట్టివారే” యని నేడు మన మాడు మాటయు నా చట్టమునకు చిన్న తమ్ముడే. నేరము చేసినవానికి పేరుండును. పేట యంతయు నేరము చేయదు.

మనము చేయదగినవి

2024 జూలై 1వ తేదీనుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత యమలులోనికి వచ్చినది. దాని 173వ సెక్షను ప్రకారము నేరము ఏ స్టేషను సరిహద్దులో జరిగినను, ఏ స్టేషనులోనైన చెప్పవచ్చును. వ్రాయలేనివారు నోట చెప్పినచో అధికారి వ్రాసి, చదివి వినిపించి, సంతకము తీసికొనవలెను. నివేదిక ప్రతి నొకదానిని రుసుము లేకయే యియ్యవలెను. స్టేషనువారు నిరాకరించినచో ఆ సంగతిని జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు వ్రాసి పంపవచ్చును. అంతటను ఫలింపనిచో మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును. వారంటు లేకయే దర్యాప్తు చేయదగిన నేరము జరిగెనని సమాచారము వచ్చినచో నమోదు తప్పనిసరి యని 2013లోనే సుప్రీముకోర్టు తీర్పుచెప్పియున్నది.

ఈ క్రింది టెలిఫోను సంఖ్యలను పిల్లలు కంఠస్థము చేయుదురుగాక. ఏ యాపదకైనను 112. బాలల సహాయమునకు 1098. స్త్రీల సహాయమునకు 181. రైలు ప్రయాణమునందు 139. ఫోనుద్వారా సొమ్ము మోసపోయినచో 1930. ఈ తుదిదానిని తడయక పిలువవలెను. మోసగాడు సొమ్మును మరియొక ఖాతాకు తరలింపకముందే దానిని నిలుపగల యవకాశ ముండును. మోసపోయిన వృద్ధులు సిగ్గుపడి దాచుటచేతనే ఆ గడియలు వ్యర్థమగుచున్నవి. వారిని పరిహసింపక ఫోను చేతికిచ్చుట యింటిలోని చదువుకొన్న పిల్లల పని.

ఇల్లు తాళమువేసి యూరికి పోవునప్పుడు పొరుగువారికిని, స్టేషనుకును తెలిపి పోవుట మంచిది. రాత్రి బండి దిగి యొంటరిగ నడచు వారికొరకు స్టేషనునుండి బజారువరకు దీపములు వెలుగుచున్నవో లేవో పురపాలక సంఘమువారి నడుగుటయు పౌరుల బాధ్యతయే.

ఇకమీదట ఏ యూరిని గూర్చియైన విచారించునప్పుడు “అచ్చట ఎన్ని కేసులు?” అను ప్రశ్నతో నాగక, మరి మూడు ప్రశ్నలు వేయవలెను. పేదవాడు స్టేషనుకు పోయినచో అతని మాట వ్రాసికొందురా? బాధపడిన బాలిక ఇంట చెప్పినచో ఇంటివా రామెను నమ్ముదురా? ప్రొద్దుగ్రుంకిన తరువాత స్త్రీ యొకతె బస్సు దిగి భయము లేక యిల్లు చేరగలదా? ఈ మూటికి అవునను ప్రత్యుత్తరము వచ్చు నూరిలో కేసుల సంఖ్య కొంత హెచ్చుగ నున్నను, అచ్చట పిల్లలను చదివింప జంకనక్కరలేదు.