మీకు తెలుసా? సిలిండర్‌కూ గడువుంది!
మన ఇళ్లలో రోజూ మండేది గ్యాస్ పొయ్యే. అలాగని దాన్ని పట్టించుకోకపోతే ఎలా?

సిలిండర్ పైపిడిని పట్టి ఉంచే పట్టీల్లో ఒకదాని లోపలివైపు ‘బి-27’ లాంటి గుర్తు ఉంటుంది. ఏ అంటే మార్చి, బి జూన్, సి సెప్టెంబర్, డి డిసెంబర్. బి-27 అంటే ఆ సిలిండర్‌కు 2027 జూన్ నెలాఖరులోగా మళ్లీ పరీక్ష జరగాలి. గడువు దాటినది ఇంటికొస్తే తీసుకోకండి.

సిలిండర్‌ను పొయ్యికి కలిపే నారింజరంగు సురక్ష పైపును 5 ఏళ్లకోసారి మార్చాలి. లీకు పట్టడానికి సబ్బునీళ్లు చాలు, అగ్గిపుల్ల వద్దే వద్దు!

మంట నీలంగా కాక పసుపుపచ్చగా ఉందా? బర్నర్‌కు గాలి సరిగా అందడం లేదన్నమాట. గిన్నెల అడుగున మసి పట్టేదీ, ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ పుట్టేదీ అప్పుడే.