ప్రవాసమున నిలిచిన యక్షరములు

దేశమును విడిచిపోవువారు ధనమును, దేవతార్చనను వెంటఁ గొనిపోవుట లోకమున నున్నదే. లిపిలోని కొన్ని యక్షరములను బ్రాణములట్లు కాపాడుకొనుచు వలసపోయినవారి వృత్తాంతము మాత్రము మన పండితగోష్ఠులలోఁ దఱుచుగా వినఁబడదు.

రష్యా యంతర్యుద్ధమున బోల్షెవిక్కుల నెదిర్చి యోడినవారిని శ్వేతపక్షమువారందురు. 1920 నవంబరున వ్రాంగెల్ సేనాపతి క్రిమియా తీరమునుండి సుమారు 1,45,000 మందిని నూఱింటికిఁ బైఁబడిన యోడలలోఁ గానుస్టాంటినోపిలునకుఁ జేర్చెను. అటనుండి వారు సెర్బియా, బల్గేరియా దేశములకును, ప్రాగు, బెర్లిను, పారిసు నగరములకును జెదరిపోయిరి. 1921 డిసెంబరున సోవియట్ ప్రభుత్వము వారిలోఁ బెక్కండ్ర పౌరత్వమును రద్దుచేసెను. మఱుసటియేఁట నానాజాతిసమితి పక్షమున నాన్సెన్ మహాశయుఁ డేర్పఱచిన యనుమతిపత్రమే వారికి దిక్కయ్యెను.

ఇంతలో స్వదేశమున లిపి మాఱినది. 1918 అక్టోబరు 10వ తేదీ శాసనముచే 'యాత్', 'ఫీత' యను నక్షరములును, చుక్కగల ఇకారమును, పదాంతమున నుచ్చారణలేక నిలుచు కఠినచిహ్నమును దొలఁగింపఁబడెను. ప్రవాసులలోఁ బెక్కుమంది దీనిని శత్రువుల వ్రాఁతగా నెంచి, పత్రికలను, గ్రంథములను బాఁతతీరుననే యచ్చువేసిరి. 1933లో నోబెల్ బహుమానమందిన బునిన్ కవి క్రొత్త వ్రాఁతను సహింపఁడయ్యెను.

ఇది కేవల మభిమానమా, శాస్త్రమునుం గలదా? యాత్‌ను బరిశీలింతము. 'ఉన్నది' యను నర్థముగల పదమును, 'తినుట' యను పదమును రష్యనులు నోట నొక్కతీరుగనే 'యెస్త్' అని పలుకుదురు. మొదటిది మన 'అస్తి' కిఁ దోఁబుట్టువు. రెండవది 'అత్తి' లోని అద్ధాతువునకు. పాఁతవ్రాఁతలో భోజనమునకు యాత్ గలదు, సత్తకు లేదు. చెవికిఁ దెలియని ధాతుభేదము కంటికిఁ దెలియుచుండెను. అయినను బాలురకది పెద్దబాధ: యాత్ గల పదముల నన్నిటిని వల్లెవేయవలసినదే.

ప్రవాసులు గమనింపని దొకటి కలదు. ఈ సంస్కరణము బోల్షెవిక్కుల బుద్ధిలోఁ బుట్టినది కాదు. 1904లో చక్రవర్తి యేలుబడిలోని విద్వత్పరిషత్తే దీనిని దలపెట్టెను. ఉపసంఘమున కగ్రాసనాధిపతి ఫోర్తునాతోవ్. ఈయన 1875లో సామవేదారణ్యకసంహితను బరిష్కరించిన సంస్కృతజ్ఞుఁడు! షాఖ్మాతోవ్ పండితుఁడు నందుఁ బ్రముఖుఁడు. తుదినిర్ణయము 1912లో వెలువడెను. 1917లోఁ దాత్కాలికప్రభుత్వము బడులయం దంగీకరించెను. బోల్షెవిక్కులు బలముతో నమలుపఱచిరి, అంతియే. శబ్దశాస్త్రజ్ఞుఁడు చేసిన పనిని శత్రువు చేతిలోఁ జూచినంతనే శత్రువుదే యనుట వైయాకరణునకుఁ దగదు.

అరసున్నలతో నీవ్యాసము వ్రాయుచున్న నేను వారిని నవ్వఁజాలను. ఏఁడు సంవత్సరము, ఏడు సంఖ్య. అరుగుట పోవుట, అఱుగుట జీర్ణమగుట. నోట భేదములేదు. నేఁటి వాచకములలో వ్రాఁతయందును లేదు. మా తరగతిలో నొక బాలుఁడు "పలుకని దానిని వ్రాయనేల?" యని యడిగినపుడు వ్యుత్పత్తిని జెప్పితిని, వాఁడు తృప్తి చెందలేదు. ప్రవాసుల బిడ్డలును దండ్రులనిట్లే యడిగియుందురని నా యూహ.

బల్గేరియాకుఁ జేరినవారి కొక యోదార్పుండెను: ఆ దేశభాషలో యాత్ 1945 వఱకు నిలిచెను. తక్కినచోట్ల రెండవ ప్రపంచయుద్ధానంతరము సోవియట్ బడులలోఁ జదివిన క్రొత్త ప్రవాసులు వచ్చిచేరఁగాఁ బాఁతవ్రాఁత క్షీణించి, ముఖ్యముగా మతగ్రంథములను, వృద్ధుల లేఖలను నాశ్రయించినది. ఇఁక రష్యాలోనో, వర్తకపత్రికయగు 'కొమ్మెర్సాంట్' 1990 ప్రాంతమునఁ బునఃప్రారంభమైనపుడు పేరు చివరఁ గఠినచిహ్నమును దగిలించుకొనెను. ఆ యక్షరమే నేఁడు దాని ముద్ర. లోపలి వార్తలన్నియుఁ గ్రొత్తవ్రాఁతలోనివే.