తెగుళ్ళ పండితుల వార్షిక సభ: రైతునకు దానితో నేమి పని?

పైరు పెట్టిన రైతునకు ముగ్గురు శత్రువులు గలరు. అనావృష్టి యొకటి, అతివృష్టి యొకటి, తెగులు మూడవది. మొదటి రెండును ఊరివారందఱి కన్నులయెదుటనే వచ్చును. మూడవది చాటుగా వచ్చును. చేని మూలను నాలుగు దుబ్బులు ఎండినయెడల, అప్పిచ్చువాడు వినునేమో, కౌలు పోవునేమో యని శంకించి రైతు నోరు మెదపడు. కొలదిదినములలో నది పొరుగుచేనిని గూడ నాశ్రయించును.

ఈ మూడవ శత్రువుతోడనే జీవితకాలమెల్ల పోరాడు పండితులు గలరు. వారిని వృక్షరోగ శాస్త్రజ్ఞులందురు. వారు ఏటేట నొకచోట సమావేశమై తాము కనుగొన్న విషయములను చదివి చర్చించుకొందురు. “వారు ఇంగ్లీషులో మాటలాడుకొని వెళ్ళిపోవుదురు, మాకేమి లాభము?” అని మన సభ్యులు పలువురు మమ్ము నడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనదే. సమాధానము వ్రాయుట మా విధి.

ఇట్టి సభలు నేటివి కావు. అమెరికాలో ఈ శాస్త్రజ్ఞులు 1908లోనే సంఘముగా నేర్పడిరి. మనదేశమున 1947లో ముండ్కూరు పండితుని పూనికచే భారత వృక్షరోగ శాస్త్ర సంఘము ఢిల్లీలో స్థాపింపబడినది. మఱుసటి యేట దాని పత్రిక వెలువడినది. ప్రపంచమంతటి శాస్త్రజ్ఞుల మహాసభ మొదట 1968లో లండనునందు జరిగెను.

సభలో జరుగు పని యేమి? ఒకడు తన పరీక్షాఫలమును పదుగురి యెదుట చదువును. తక్కినవారు దానిని వడ్లవలె చెఱగుదురు. ఎన్ని మళ్ళలో చూచితివి? మందు చల్లని మడిని ప్రక్క నుంచితివా? వానలు మెండైన యేడును ఇదే ఫలము వచ్చెనా? అని యడుగుదురు. తాలు ఎగిరిపోవును, గింజ నిలుచును. అంగటిలో మందమ్మువాని మాటకును, ఇట్టి సభలో నిలిచిన మాటకును గల భేదమిదియే. అయితే అక్కడ చెఱుగబడు గింజ రైతు పొలమునుండియే పోవలెను. ఇందులకు మన గోదావరీ తీరమే సాక్ష్యము.

ఇరువదవ శతాబ్ది యారంభమున గోదావరి డెల్టాలో తాటిచెట్లును కొబ్బరిచెట్లును మొవ్వు కుళ్ళి చచ్చుచుండెను. తాటికిని కొబ్బరికిని మొవ్వు ఒక్కటియే. అది కుళ్ళినయెడల ప్రక్కచిగురు లేదు, చెట్టు పోయినట్లే. బట్లరు అను శాస్త్రజ్ఞుడు పరిశోధించి, ఇది కంటికి గానరాని యొక శిలీంధ్రముయొక్క పనియని నిరూపించి, 1907లో దానికి పేరు పెట్టెను. అది తడిని ఆశ్రయించి మట్టలమొదళ్ళనుండి లోనికి చొచ్చి మొవ్వును చేరును. కావున తెగులు సోకిన చెట్ల తలలు నఱకి కాల్చివేయవలెనని నిర్ణయించి, సర్కారువారు ఆ పనిని పెక్కేండ్లు నడపిరి.

ఆలోచింపుడు! ఇంకను పచ్చగా నున్న చెట్టును నఱకుటకు ఎవనికి మనసొప్పును? కల్లుగీతవాని కూడు ఆ చెట్టే. పేదవాని యింటి దూలము ఆ చెట్టే. అయినను దాచిన చెట్టొక్కటి యున్నచో, వానకాలమున దానినుండియే తెగులు మరల బయలుదేఱును. పదుగురు నఱకి యొకడు దాచినచో పదుగురి త్యాగమును వ్యర్థమగును. 1919లో మదరాసు ప్రభుత్వము పైరుల పురుగులకును తెగుళ్ళకును చట్టమునే చేయవలసివచ్చెను. మొవ్వుకుళ్ళు నిర్మూలము కాలేదు, నేటికిని తోటలలో గనబడుచున్నది. కాని దానిని అడ్డు తెఱగు మనకు తెలిసినది.

చెఱకు సంగతియు నిట్టిదే. అదే కాలమున ఎఱ్ఱకుళ్ళు గోదావరి చెఱకును పాడుచేయగా, 1902లో సామర్లకోటయందు పరిశోధనక్షేత్రము వెలసెను. రైతుల నష్టమే ఆ క్షేత్రమునకు పునాది.

ఇక నేటి యుదాహరణము. బాపట్లలో పుట్టి 1986లో విడుదలయైన సాంబ మసూరి నెఱుగనివారు లేరు. అన్నము సన్నము, ధర మెండు. కాని బాక్టీరియా ఆకు ఎండు తెగులునకు అది తాళలేదు. ఈ తెగులునకు నమ్మదగిన మందును లేదు. హైదరాబాదులోని వరి పరిశోధనాలయమువారును, కణజీవశాస్త్ర కేంద్రమువారును కలిసి, తెగులును తట్టుకొను మూడు జన్యువులను సంకరముచే దానిలో చేర్చి, 2008లో మెఱుగుపఱచిన సాంబ మసూరిని విడుదల చేసిరి. 1965లో హైదరాబాదు కేంద్రముగా వెలసిన అఖిలభారత వరి పథకముక్రింద ఇట్టి రకములను పలుచోట్ల నాటి చూతురు; ఆ ఫలములను ఏటేటి సభలో సరిపోల్చుదురు. ఒకచోట నిలిచిన రకము వేఱొకచోట పడిపోవుటయు గలదు. అయినను ఈ రకము ఆ యొక్క తెగులునకే రక్ష. అగ్గితెగులునకు కాదని మఱువరాదు.

కావున మన సంఘ సభ్యులు చేయవలసిన పనులు మూడు గలవు.

మొదటిది, దాచకుండుట. తెగులు కనబడిన దినముననే సంఘమునకు తెలియపఱపవలెను. కబురు తెచ్చినవానిని నిందింపక మెచ్చుకొనవలెను.

రెండవది, మచ్చును సరిగా పంపుట. పూర్తిగా ఎండిన ఆకు పనికిరాదు. సగము పచ్చగా, సగము తెగులుగా నున్నదానిని కోసి, కాగితముల నడుమ నుంచవలెను. తడి ప్లాస్టిక్ సంచిలో నుంచినచో దారిలోనే కుళ్ళును. వేరుకుళ్ళైనచో మట్టితో పెకలింపవలెను. రకము పేరు, నాటిన తేది, వేసిన ఎరువు, కొట్టిన మందు వ్రాయవలెను. వరికి మారుటేరు, చెఱకునకు అనకాపల్లి, కొబ్బరికి అంబాజీపేట క్షేత్రములు గలవు. లేదా సమీప కృషి విజ్ఞాన కేంద్రమునకు పంపవచ్చును.

మూడవది, కలిసి పనిచేయుట. మొవ్వుకుళ్ళు సోకిన కొబ్బరిచుట్టునున్న మంచిచెట్లకు నూటికి ఒకపాలు బోర్డో మిశ్రమము కొట్టవలెను. నూఱు లీటర్ల నీటికి ఒక కిలో మైలుతుత్తము, ఒక కిలో మంచి సున్నము. రెంటిని వేర్వేఱుగా, లోహము కాని పాత్రలలో కలిపి, పిదప ఏకము చేసి, వెంటనే కొట్టవలెను. మెఱయు ఇనుపకత్తిని ముంచినప్పుడు రాగిపూత పట్టినచో సున్నము చాలలేదని గ్రహింపుడు. ఒక తోటలో కొట్టి ప్రక్కతోటను విడిచినచో ఫలము స్వల్పము. సంఘము పంపును, మందును సమకూర్చినచో ఊరెల్ల ఒకేవారమున ముగింపవచ్చును.

పండితుల సభ ఎంత గొప్పదైనను, పొలమునుండి వార్త పోనిచో దాని చర్చ పొల్లు. ఈ వానకాలమున చేని మూలను వాడిన దుబ్బును మొదట చూచు కన్ను రైతుదే. చూచినదానిని చెప్పుడు, మీ పొరుగువాని పంటయు దానివలననే దక్కును.