పిక్క అదిరితే గుండె అదరాలా?

కన్ను అదరడం మన ఇండ్లలో కొత్త సంగతి కాదు. పురుషునికి కుడికన్ను, స్త్రీకి ఎడమకన్ను అదిరితే శుభమని పెద్దలు చెబుతూ వచ్చారు. వాల్మీకి రామాయణం సుందరకాండలో, అశోకవనంలో శోకమగ్నయై ఉన్న సీతమ్మకు ఎడమకన్ను, ఎడమ భుజం, ఎడమ తొడ అదరడం రాబోయే శుభానికి సూచనగా వర్ణింపబడింది. శకునాలను నమ్మినా నమ్మకపోయినా ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆరోగ్యవంతుల శరీరం అప్పుడప్పుడు తనంత తానే అదురుతుందని మన పూర్వులు గమనించారు, దానిని చూసి బెదరలేదు. నేడు శకునాలు మరచిపోయాము, పెద్ద పెద్ద వ్యాధుల పేర్లు నేర్చుకున్నాము. అందుచేత అదే అదురు మనకు నిద్ర లేకుండా చేస్తున్నది.

సైనిక్‌పురిలో నివసిస్తున్న నాకు మూడేండ్లుగా ఈ అనుభవం ఉంది. ఒక వేసవిలో విషజ్వరం వచ్చి తగ్గిన తరువాత, సరియైన నిద్ర లేని రోజులలో ఎడమ పిక్కలో మొదలయింది. చర్మం కింద చిన్న చేపపిల్ల కదిలినట్లు ఉంటుంది. నొప్పి లేదు, మంట లేదు. పదిహేను రోజులలో కుడి పిక్కకు, తరువాత తొడకు, బొటనవేలి మొదటికి కూడా వచ్చింది. పగలు పనిలో ఉన్నంతసేపు తెలియదు. రాత్రి పడక చేరిన తరువాతనే దాని ఆట. ఆ సమయంలోనే ఎవరో అన్న ఒక వ్యాధి పేరు మనసులో నాటుకున్నది. ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హాకింగ్‌కు 1963లో, 21 ఏండ్ల వయసులో, నిర్ధారణ అయిన చలన నాడీకణ వ్యాధి అది. ఆ వ్యాధిలోనూ కండరాలు అదురుతాయి. ఈ ఒక్క పోలిక చాలు, మనిషి సగమవడానికి.

అదురు అంటే ఏమిటి?

వెన్నుపాము నుండి బయలుదేరే ఒక్కొక్క చలన నాడీకణం కండరంలోని కొన్ని తంతువులను నడుపుతుంది. కంటిని కదిలించే సూక్ష్మమైన కండరాలలో ఒక నాడికి పదో పరకో తంతువులుంటాయి. పిక్క వంటి పెద్ద కండరంలో వందలు, వేయికి పైగా కూడా ఉంటాయి. మన సంకల్పం లేకుండా ఒక నాడి తనంత తానుగా ఒక్కసారి ప్రేరేపితమైతే దాని కింది తంతువులన్నీ కలిసి ముడుచుకుంటాయి. చర్మం మీద ఆ కదలిక అలలా కనిపిస్తుంది. దీనినే ఆధునిక వైద్యులు ఫాసిక్యులేషన్ అంటారు. నిద్రలేమి, అలసట, ఎక్కువ కాఫీ, ఎక్కువ నడక, జ్వరానంతర బలహీనత, ఆందోళన దీనిని పెంచుతాయి.

భయపెట్టే ఆ వ్యాధిలో జరిగేది వేరు. అక్కడ నాడీకణమే క్షీణించి చనిపోతుంది. కనుక కండరానికి బలం తగ్గుతుంది, కండ కరగిపోతుంది. గుండీ పెట్టుకోలేకపోవడం, పాదం ఈడ్చుకుపోవడం, మాట ముద్దగా రావడం, మింగుతుంటే పొరబోవడం వంటివి కనిపిస్తాయి. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం ఏటా లక్షమందిలో ఇద్దరు ముగ్గురికి వచ్చే వ్యాధి అది. మన దక్షిణాదిలో యువకులకు వచ్చే ఒక రకాన్ని 1970లో మద్రాసు వైద్యులు వర్ణించారు. అందులోనూ అవయవాలు సన్నబడటం, బలం తగ్గటం, చాలామందికి వినికిడి పోవటం ప్రధాన లక్షణాలు. అంతేగాని, బలం చెక్కుచెదరకుండా ఉండి ఉత్త అదురు ఒక్కటే ఉండటం ఆ వ్యాధి తీరు కాదు.

మా కాలనీ సైన్యంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారి కాలనీ. పక్కవీధిలో సైనిక వైద్యశాఖలో పనిచేసిన కర్నల్‌గారొకరు ఉన్నారు. మావారు బలవంతపెట్టగా వారి వద్దకు వెళ్ళాను. పిక్క చూపబోతే ఆయన చేయి అడ్డుపెట్టి, "టీచరుగారూ, అదురు ఎక్కడుందో తరువాత చూద్దాం, కాలికి బలమెంత ఉందో ముందు చూపండి" అన్నారు. మునివేళ్ళ మీద నడిపించారు. మడమల మీద నడిపించారు. చేతుల ఊతం లేకుండా కుర్చీలో నుండి లేవమన్నారు. పిడికిలి బిగించమని తాను విడదీయబోయారు. నాలుక చూశారు, మోకాలి మీద చిన్న సుత్తితో తట్టారు. ఆ తరువాత నరాల వ్యాధుల నిపుణునికి ఒకసారి చూపించమని, థైరాయిడ్, కాల్షియం, మెగ్నీషియం పరీక్షలు చేయించమని సలహా ఇచ్చారు. నిపుణులు కండరాల విద్యుత్ పరీక్ష కూడా చేసి, వ్యాధి లేదని తేల్చారు.

పరీక్ష అయిన తరువాత

అసలు కష్టం ఇక్కడ ఉంది. రిపోర్టు చూసిన సంతోషం పదిరోజులు నిలిచింది. పదకొండవ రోజున "ఆ పరీక్ష నాటికి వ్యాధి ఇంకా మొదలుకాలేదేమో" అన్న శంక లేచింది. ఈ భయం పట్టినవారు దర్జీ టేపుతో పిక్కలు కొలుచుకుంటారు, అద్దంలో నాలుక చూసుకుంటారు, రోజుకు పదిసార్లు మునివేళ్ళ మీద లేచి చూసుకుంటారు. అలా చూసుకొని చూసుకొని కాలు నొప్పి పుడితే, అదే బలహీనత అనుకుంటారు. డాక్టర్లలో, వైద్యవిద్యార్థులలో కూడా ఈ భయం ఉంటుందని తెలిసి నాకు కొంత ఊరట కలిగింది. 1963లో అమెరికాలో 539 మంది ఆరోగ్యవంతులైన వైద్య సిబ్బందిని విచారిస్తే నూటికి 70 మంది తమకు ఈ అదురు వచ్చిందని చెప్పారు. 1993లో మేయో క్లినిక్ వైద్యులు నిరపాయకరమైన అదురు ఉన్న 121 మందిని గురించి ప్రకటించిన పరిశీలన నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చింది. 2 ఏండ్ల నుండి 32 ఏండ్ల వరకు గమనించగా వారిలో ఒక్కరికి కూడా ఆ వ్యాధి రాలేదు.

ఆయుర్వేదం ఈ విషయాన్ని మరొక దారిలో చెప్పింది. శరీరంలోని చలనాలన్నిటికీ, రెప్పపాటుకు సైతం, వ్యానవాయువు కారణం. చరక సంహిత చికిత్సాస్థానం 28వ అధ్యాయంలో వాతప్రకోప లక్షణాలలో గాత్రస్ఫురణం, అనగా అవయవాలు అదరడం, చెప్పబడింది. అక్కడే వాతం ప్రకోపించడానికి కారణాలు చెబుతూ రాత్రి జాగరణం, అతి వ్యాయామం, ఉపవాసం, రూక్షాహారాలతోపాటు చింతను, శోకాన్ని, భయాన్ని కూడా చేర్చారు. అనగా అదురును చూసి భయపడితే ఆ భయమే అదురును పెంచుతుంది. ఆందోళనలో విడుదలయ్యే అడ్రినలిన్ నాడుల ఉద్రేకాన్ని పెంచుతుందని నేటి వైద్యులు చెప్పేదీ ఇదే.

కనుక రోజూ పరీక్షించుకోవడం ఆపాను. నెలకొకసారి, మొదటి ఆదివారం, డాబా మెట్లు ఎక్కి దిగుతాను. అంతే. సాయంత్రం నాలుగు దాటితే కాఫీ లేదు. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నువ్వులనూనె పిక్కలకు, అరికాళ్ళకు పది నిమిషాలు మర్దన చేసుకుంటాను. నిత్యాభ్యంగనాన్ని విధించిన అష్టాంగ హృదయం శిరస్సు, చెవులు, పాదాలపై ప్రత్యేక శ్రద్ధ చూపమన్నది. నూనెతో అదురు మాయమైందని చెప్పలేను. కాని నిద్ర బాగా పడుతున్నది, నిద్ర పట్టిన రోజులలో అదురు తక్కువ. ఎండాకాలంలో ఉప్పు వేసిన పలుచని మజ్జిగ రెండు పూటలా తాగుతాను.

రాగిజావ తాగితే అదురు పోతుందని ఇరుగుపొరుగు చెబుతుంటారు. మా సైనిక్‌పురికి సమీపంలోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, తెల్లబియ్యంలో అది పదికి మించదు. ఎముకలకు జావ మంచిదే, తాగండి. అయితే కాల్షియం లోపిస్తే మూతి చుట్టూ, వేళ్ళకు తిమ్మిరి, చేతులు కొంకర్లు పోవడం కనిపిస్తాయి. ఉత్త అదురుకు సాధారణంగా అది కారణం కాదు.

వెంటనే వైద్యుని చూడవలసిన సందర్భాలు కూడా ఉన్నాయి. పైన చెప్పిన బలహీనత, కండ తగ్గటం, మింగటంలో ఇబ్బంది కనిపిస్తే ఆలస్యం చేయరాదు. పురుగుమందు చల్లినవారికి హఠాత్తుగా ఒళ్ళంతా అదిరి, నోట చొంగ కారి, ఊపిరి బరువైతే అది విషప్రభావం. గృహవైద్యం చేస్తూ కూర్చోక ఆసుపత్రికి తరలించాలి. థైరాయిడ్ ఎక్కువైనా, కొన్ని ఉబ్బసం మందుల వలన కూడా ఒళ్ళు వణకడం, అదరడం ఉంటుంది. అశ్వగంధ నరాల బలానికి మంచిదని అందరూ కొనుక్కుంటారు గాని, థైరాయిడ్ ఎక్కువగా ఉన్నవారికి అది హాని చేయవచ్చు. పాదరసం కలిసిన రసౌషధాలను ఎవరో చెప్పారని వాడరాదు. పాదరసం ఒంట చేరితే అదే అదురుకు కారణం కావచ్చు. డాక్టరు వద్దకు వెళ్ళేటప్పుడు మీరు వాడుతున్న మాత్రలను, చూర్ణాలను, లేహ్యాలను సీసాలతో సహా ఒక సంచిలో వేసుకొని తీసుకువెళ్ళి చూపించండి.