ఒకే ఇమేజ్, వంద కంప్యూటర్లు: ప్రొడక్ట్ కీని దాచేదెక్కడ?

ఆయుష్మాన్ భారత్ కింద దేశంలోనే మొదటి ఆరోగ్య, వెల్‌నెస్ కేంద్రం 2018 ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా జాంగ్లాలో ప్రారంభమైంది. హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగా సాగే 163వ నంబరు జాతీయ రహదారి చేరేది ఈ జిల్లాలోని భోపాలపట్నానికే. ఇలాంటి అటవీ జిల్లాల్లో ఆసుపత్రులకు, బడులకు, కార్యాలయాలకు పదుల సంఖ్యలో కంప్యూటర్లు పంపాలంటే ఒక్కోదాని ముందు కూర్చుని విండోస్ ఎక్కించడం కుదిరే పని కాదు. జిల్లా కేంద్రంలోనే అన్నీ సిద్ధం చేయాలి. ఊరికి చేరాక లైసెన్స్ చిక్కు వస్తే సరిదిద్దే నిపుణుడు దగ్గరలో ఉండడు.

మనిషి లేకుండా ఇన్‌స్టలేషన్

ఇందుకు రెండు మార్గాలున్నాయి. మొదటిది ఆన్సర్ ఫైల్. ఇన్‌స్టలేషన్ సమయంలో కంప్యూటర్ అడిగే ప్రశ్నలకు జవాబులన్నీ ముందే రాసిపెట్టిన ఫైలు ఇది. రెండోది ఇమేజింగ్. ఒక కంప్యూటర్‌ను పూర్తిగా సిద్ధం చేసి, దాని డిస్క్ నకలును మిగతావాటికి ఎక్కిస్తారు.

రెండింటిలోనూ 25 అక్షరాల ప్రొడక్ట్ కీ ఎక్కడ పెట్టాలన్నదే అసలు సమస్య. ఆన్సర్ ఫైల్ మామూలు టెక్స్ట్ ఫైలు. అది ఉన్న పెన్‌డ్రైవ్ ఎవరి చేతికి చిక్కినా కీ చదివేయవచ్చు. 2001లో విండోస్ ఎక్స్‌పీ విడుదలకు ముందే ఒక సంస్థాగత కీ బయటకు పొక్కింది. ఆ రకం కీకి యాక్టివేషన్ అవసరం లేకపోవడంతో అది ప్రపంచమంతా పాకింది. మరుసటి ఏడాది సర్వీస్ ప్యాక్ 1తో మైక్రోసాఫ్ట్ దాన్ని అడ్డుకుంది.

రెండు రకాల తాళాలు

ఆ అనుభవం తర్వాత, విండోస్ విస్టా నుంచి సంస్థల కంప్యూటర్లకూ యాక్టివేషన్ తప్పనిసరైంది. ఇందులో కేఎంఎస్ పద్ధతిలో సంస్థ సొంత సర్వరే కంప్యూటర్లను గుర్తిస్తుంది. ఇమేజ్‌లో ఉండేది మైక్రోసాఫ్ట్ బహిరంగంగా ప్రకటించిన సాధారణ కీ మాత్రమే. అది పోయినా నష్టం లేదు. అసలు కీ సర్వర్‌లో భద్రంగా ఉంటుంది. అయితే కనీసం 25 కంప్యూటర్లు సంప్రదిస్తేనే సర్వర్ వాటిని యాక్టివేట్ చేస్తుంది. ఆ గుర్తింపు 180 రోజులే చెల్లుతుంది. ఆలోగా మళ్లీ సర్వర్‌ను అందుకోవాలి.

సర్వర్‌తో నెట్‌వర్క్ లేని మారుమూల కేంద్రానికి ఎంఏకే అనే రెండో పద్ధతి నయం. ఇంటర్నెట్‌లోనో ఫోన్‌లోనో ఒక్కసారి యాక్టివేట్ చేస్తే చాలు. కానీ ఈ కీకి వాడకాల లెక్క ఉంటుంది. డిస్క్ తుడిచి మళ్లీ ఎక్కించిన ప్రతిసారీ లెక్కలో ఒకటి తగ్గవచ్చు. ఇంటర్నెట్టే లేని చోట, కంప్యూటర్ల గుర్తింపు సంఖ్యలను ఒక ఫైలులో సేకరించి, నెట్ ఉన్న చోటికి తీసుకెళ్లి, అనుమతి సంఖ్యలను తిరిగి తెచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఇందుకు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధనం వీఏఎంటీ.

నకలులో దాగిన పొరపాటు

ఇమేజ్ తీసే ముందు సిస్‌ప్రెప్‌లోని ‘జనరలైజ్’ ఆదేశంతో ఆ కంప్యూటర్ ప్రత్యేక గుర్తింపును తుడిచేయాలి. అది మరిచిపోతే నకళ్లన్నీ ఒకే గుర్తింపుతో పుడతాయి. అప్పుడు 40 కంప్యూటర్లు పలకరించినా కేఎంఎస్ సర్వర్ వాటిని ఒక్కటిగానే లెక్కిస్తుంది. 25 ఎప్పటికీ నిండదు.

విండోస్ 8 కాలం నుంచి తయారీదారులు చాలా కంప్యూటర్లలో కీని మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంచుతున్నారు. అదే ఎడిషన్ ఎక్కిస్తే సెటప్ ఆ కీని తానే చదువుకుంటుంది. అయినా సొంత ఇమేజ్ ఎక్కించే హక్కు వాల్యూం లైసెన్స్‌తోనే వస్తుంది. ఈ తాళాలేవీ వద్దనుకుంటే సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ ఉంది. దానికి ప్రొడక్ట్ కీ అక్కర్లేదు.

ఏ దారి ఎంచుకున్నా, కంప్యూటర్ పెట్టె కట్టకముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటే: అది చేరే చోట నెట్‌వర్క్ ఎంతవరకు అందుతుంది? ఇమేజ్‌లో ఏ కీ పెట్టాలో ఆ జవాబే నిర్ణయిస్తుంది.