ఫ్రాన్సు ఫుట్‌బాల్‌లో పెద్దపీట ఎవరికి?

ముందుగా ఒక మనవి. నేను రేడియోలో క్రికెట్ కామెంటరీ వింటూ పెరిగినవాణ్ణి. అమెరికా వచ్చాక, ఇక్కడే పుట్టిన మా అబ్బాయి పుణ్యమా అని ఈ సాకర్ పిచ్చి నాకూ అంటుకుంది. శనివారం పొద్దున్నే మడత కుర్చీ, ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని మైదానం గట్టున కూర్చోవడం పదేళ్ళుగా నాకు నిత్యకర్మ అయిపోయింది. మొదట్లో ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలిసేది కాదు. పక్కవాళ్ళు అరిస్తే నేనూ అరిచేవాణ్ణి.

కిందటేడు ఒక మ్యాచ్ అయ్యాక, అవతలి జట్టు పిల్లవాడి తాతగారు కాబోలు, మావాడి దగ్గరికొచ్చి బాగా ఆడావని మెచ్చుకున్నారు. ఏ ఊరు నీది అని అడిగారు. మావాడు మేముండే ఊరి పేరు చెప్పాడు. “అది కాదు బాబూ, అసలు ఏ ఊరు?” అన్నారాయన. ఆయన మాటలో ద్వేషమేమీ లేదు. అయినా కారులో వాడు నోరు విప్పలేదు. ఇంటికొచ్చి షూస్ విప్పుకుంటూ, “నాన్నా, జిదాన్‌ని కూడా ఇలాగే అడిగేవాళ్ళా?” అన్నాడు. వాడి గది గోడ మీద జిదాన్ బొమ్మ ఉంది.

నాకు సమాధానం తెలియలేదు. ఆ రాత్రి మొదలుపెట్టిన చదువు ఈ వ్యాసం దాకా వచ్చింది. ఫ్రాన్సు ఆటగాళ్ళలో గొప్పవాళ్ళెవరు అని వెతకబోతే, వాళ్ళ ఇంటిపేర్ల వెనక మనలాంటి వాళ్ళ కథలే కనిపించాయి.

గొప్పతనాన్ని దేనితో కొలవాలి? గోల్సు లెక్కపెడితే చాలదు. లిలియన్ తురామ్ దేశం తరఫున 142 మ్యాచ్‌లు ఆడి రెండే రెండు గోల్సు చేశాడు. ఆ రెండూ 1998 ప్రపంచ కప్ సెమీ ఫైనల్లో, క్రొయేషియా మీద చేసినవే. అవి లేకపోతే ఫ్రాన్సుకి ఆ కప్పే లేదు. పోనీ కప్పులు లెక్కపెడదామా అంటే, దేశానికి ఏ కప్పూ తేని మహానుభావులు ఉన్నారు. అందుకని నేను మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. అన్నిటికన్నా పెద్ద మ్యాచ్‌లో ఏం చేశాడు? అతని వల్ల జట్టు ఆడే తీరు మారిందా? తన తరవాతి వాళ్ళకి ఏం మిగిల్చాడు?

ఈ లెక్కన మొదటి పేరు రేమొన్ కోపా. అసలు ఇంటిపేరు కోపషెవ్‌స్కీ. పోలండ్ నుంచి బొగ్గుగనుల పనికి వలస వచ్చిన కుటుంబం. ఉత్తర ఫ్రాన్సులోని నూ-లె-మీన్ అనే గనుల ఊళ్ళో 1931లో పుట్టాడు. పద్నాలుగేళ్ళకే గనిలోకి దిగాడు. అక్కడి ప్రమాదంలో ఎడమచేతి వేలు కొంత పోయింది. ఆటే అతన్ని ఆ గోతిలోంచి పైకి లాగింది. మనిషి పొట్టి, కానీ బంతి కాళ్ళ దగ్గర ఉంటే ఎవరికీ చిక్కేవాడు కాదు. 1956లో మొట్టమొదటి యూరోపియన్ కప్ ఫైనల్లో అతను ఆడిన రాంస్ జట్టు రియల్ మాడ్రిడ్ చేతిలో 4-3 తేడాతో ఓడింది. ఓడించినవాళ్ళే అతన్ని తమ జట్టులోకి తీసుకున్నారు. అక్కడ వరసగా మూడు యూరోపియన్ కప్పులు గెలిచాడు. 1958లో బాలన్ డోర్, అంటే అప్పట్లో యూరప్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికిస్తూ వచ్చిన బంగారు బంతి, అందుకున్నాడు. ఫ్రాన్సు వాళ్ళలో అది అందుకున్న మొదటివాడు అతనే.

కోపా మిగిల్చింది మరొకటి ఉంది. ఆ రోజుల్లో అక్కడ ఒకసారి సంతకం పెడితే ముప్ఫై అయిదేళ్ళు వచ్చేదాకా ఆటగాడు ఆ క్లబ్ సొత్తే. వాళ్ళు అమ్మితే వెళ్ళాలి, లేకపోతే పడి ఉండాలి. గ్రీన్ కార్డు కోసం ఒకే కంపెనీని పట్టుకుని ఏళ్ళతరబడి వేలాడినవాళ్ళకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆటగాళ్ళు బానిసల్లా బతుకుతున్నారని 1963లో కోపా పత్రికాముఖంగా అనేశాడు. సమాఖ్య అతని మీద చర్య తీసుకుంది. కానీ 1969లో కాలపరిమితి ఉన్న కాంట్రాక్టులు వచ్చాయి. తరవాతి వాళ్ళంతా ఆ మాట ఫలితం అనుభవించినవాళ్ళే.

రెండో పేరు జుస్త్ ఫోంతేన్. మొరాకోలోని మరాకెష్‌లో పుట్టాడు. తల్లి స్పెయిన్ దేశస్థురాలు. 1958 స్వీడన్ ప్రపంచ కప్‌లో ఆరు మ్యాచ్‌లలో పదమూడు గోల్సు చేశాడు. ఒకే ప్రపంచ కప్‌లో అన్ని గోల్సు ఇంకెవరూ చేయలేదు. తమాషా ఏమిటంటే అతని బూట్లు పాడైతే తోటి ఆటగాడి బూట్లు అరువు తీసుకుని ఆడాడు. బంతి అందించినవాడు చాలాసార్లు కోపానే. సెమీ ఫైనల్లో కుర్రవాడైన పెలే మూడు గోల్సు చేసి వాళ్ళని ఇంటికి పంపాడు గానీ, మూడో స్థానం దక్కింది. కాలు రెండుసార్లు విరిగి, ముప్ఫై నిండకుండానే ఫోంతేన్ ఆట మానేయాల్సి వచ్చింది. ఆడింది 21 మ్యాచ్‌లు, చేసింది 30 గోల్సు.

అదే 1958లో జరిగిన ఇంకో కథ చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. రషీద్ మెక్లూఫీ అల్జీరియాలోని సెతీఫ్ కుర్రవాడు. సెంతెత్యెన్ క్లబ్‌కి ఆడుతూ ఫ్రాన్సు జట్టులోకి వచ్చాడు. స్వీడన్ వెళ్ళే జట్టులో అతని పేరు ఉండేదే. అల్జీరియాలో స్వాతంత్ర్య పోరాటం నడుస్తున్న రోజులవి. ప్రపంచ కప్‌కి రెండు నెలల ముందు, ఏప్రిల్‌లో, అతనూ తోటి అల్జీరియా ఆటగాళ్ళు కొందరూ రహస్యంగా దేశం దాటి ట్యునీషియా చేరారు. ఇంకా పుట్టని దేశం తరఫున ఒక జట్టు కట్టి ఊరూరా ఆడారు. ఫీఫా దాన్ని గుర్తించలేదు. అల్జీరియాకి 1962లో స్వాతంత్ర్యం వచ్చాక మెక్లూఫీ మళ్ళీ సెంతెత్యెన్‌కే వచ్చాడు. 1968లో ఫ్రెంచ్ కప్ ఫైనల్లో రెండు గోల్సూ తనే కొట్టి, కెప్టెన్‌గా ద గోల్ చేతుల మీదుగా కప్పు అందుకున్నాడు. ఫ్రాన్సు తరఫున అతను ఆడినవి నాలుగే మ్యాచ్‌లు. గొప్పవాళ్ళ జాబితాల్లో ఆ పేరు సాధారణంగా ఉండదు. నా జాబితాలో ఉంది. ఎవరి తరఫున ఆడాలి అన్న ప్రశ్నకి అంత ఖరీదు చెల్లించినవాళ్ళు తక్కువ.

మూడోవాడు మిషెల్ ప్లాటినీ. తాతగారు ఇటలీ నుంచి లొరేన్ ప్రాంతానికి వలస వచ్చాడు. తండ్రి లెక్కల మాస్టారు, ఫుట్‌బాల్ పిచ్చివాడు. బహుశా అందుకేనేమో, ప్లాటినీ ఆటలో లెక్క తప్పేది కాదు. పెద్ద పరుగు లేదు, కండబలం లేదు. బంతి తన దగ్గరికి రాకముందే అది ఎక్కడికి వెళ్ళాలో తెలిసినవాడు. ఫ్రీకిక్ అతని చేతిలో, కాదు, కాలిలో పెన్షన్ లాంటిది, తప్పకుండా వచ్చేది. 1983, 84, 85ల్లో వరసగా మూడుసార్లు బాలన్ డోర్ గెలిచాడు. 1984 యూరో పోటీలో అయిదు మ్యాచ్‌లలో తొమ్మిది గోల్సు చేసి దేశానికి మొదటి పెద్ద కప్పు తెచ్చిపెట్టాడు. అతను ముందువరస ఆటగాడు కాదు, మధ్యవరసవాడన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి. పక్కన ఆడిన ముగ్గురిలో తిగానా మాలీలో పుట్టాడు, ఫెర్నాండెజ్ స్పెయిన్‌లో పుట్టాడు, జిరెస్ తల్లి స్పానిష్ ఆవిడ. ఈ నలుగురినీ కలిపి మాయా చతురస్రం అనేవారు.

ఓటమి కూడా చెప్పాలి. 1982 ప్రపంచ కప్ సెమీ ఫైనల్, సెవిల్ నగరం. పశ్చిమ జర్మనీ గోల్‌కీపర్ షూమాకర్ గుద్దిన గుద్దుకి బాతిస్తోన్ స్పృహ తప్పాడు, పళ్ళు ఊడాయి. రిఫరీ ఫౌల్ కూడా ఇవ్వలేదు. స్ట్రెచర్ పక్కనే చెయ్యి పట్టుకుని నడిచినవాడు ప్లాటినీ. ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-1 ఆధిక్యంలోకి వెళ్ళి కూడా చివరికి పెనాల్టీల్లో ఓడారు. ఆట మానేశాక ప్లాటినీ యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడయ్యాడు. డబ్బు చెల్లింపు వ్యవహారంలో 2015లో నిషేధం పడింది. స్విస్ కోర్టులు 2022లోనూ, 2025లోనూ నిర్దోషి అన్నాయి. కుర్చీ మాత్రం పోయింది.

నాలుగోవాడు మావాడి గోడ మీది జినెదీన్ జిదాన్. తండ్రి స్మాయిల్ అల్జీరియాలోని కబైలీ కొండ ఊరి నుంచి 1953లో వచ్చి, పారిస్ పక్కన సాన్-దెనీలో కట్టడం పనుల్లో కూలిగా చేరాడు. కొడుకు మార్సేలో, లా కాస్తెలాన్ అనే పేదల వాడలో పెరిగాడు. 1998 జూలై 12న ఆ సాన్-దెనీలోనే కట్టిన కొత్త స్టేడియంలో, బ్రెజిల్ మీద ఫైనల్లో, జిదాన్ తలతో రెండు గోల్సు కొట్టాడు. ఆ రాత్రి పారిస్ విజయ తోరణం మీద ఆ కూలివాడి కొడుకు మొహం వెలిగింది.

జిదాన్‌కి కోపం ముక్కు మీదే ఉండేది. ఆ ప్రపంచ కప్‌లోనే సౌదీ అరేబియా ఆటగాణ్ణి తొక్కి రెండు మ్యాచ్‌లకి దూరమయ్యాడు. 2006 బెర్లిన్ ఫైనల్ సంగతి అందరికీ తెలిసిందే. ఏడో నిమిషంలో పెనాల్టీని సుతారంగా గాలిలోకి లేపి గోల్ చేసినవాడే, 110వ నిమిషంలో మాటెరాజీ ఛాతీని తలతో కుమ్మి బయటికి నడిచాడు. ఆటగాడిగా అతని చివరి మ్యాచ్ అదే.

ఆ తరవాత తరంలో ఇద్దరి పేర్లు చెప్పుకోవాలి. తియెరీ హెన్రీ తల్లిదండ్రులు కరీబియన్ ద్వీపాల వాళ్ళు. దేశానికి 51 గోల్సు చేశాడు. 2009లో ఐర్లండ్ మీద బంతిని చేత్తో ఆపి గోల్‌కి దారి చేసిన మచ్చా అతని ఖాతాలోనే ఉంది. కిలియన్ ఎంబాపె తండ్రి మూలాలు కామెరూన్‌లో, తల్లి మూలాలు అల్జీరియాలో. పెలే తరవాత ప్రపంచ కప్ ఫైనల్లో గోల్ చేసిన రెండో టీనేజర్ అతను, 2018లో. 2022 ఫైనల్లో ఒక్కడే మూడు గోల్సు చేసినా, పెనాల్టీల్లో అర్జెంటీనా గెలిచింది. 2025లో హెన్రీ లెక్కని దాటేశాడు.

వలస ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. వలసలు చాలా దేశాలకి వస్తాయి. వృత్తి క్లబ్బులు కుర్రవాళ్ళకి శిక్షణ కేంద్రాలు నడపాలని ఫ్రాన్సు 1973లో నియమం పెట్టుకుంది. 1988లో పారిస్ దగ్గర క్లేర్‌ఫోంతేన్‌లో జాతీయ కేంద్రం తెరిచారు. హెన్రీ, ఎంబాపె ఇద్దరూ అక్కడ నేర్చుకున్నవాళ్ళే. గనుల ఊరి మట్టిలో దొరికిన బంతి కోపాది. నగర శివార్లలో వెతికి, బడి చెప్పి, తయారుచేసినది ఎంబాపె తరం.

మరి మావాడి ప్రశ్న? అడిగారు. 1996లో లె పెన్ అనే రాజకీయ నాయకుడు, బయటి నుంచి తెచ్చినవాళ్ళని ఫ్రాన్సు జట్టు అనడం కృత్రిమమని, వాళ్ళు జాతీయగీతం కూడా పాడరని విమర్శించాడు. రెండేళ్ళకి అదే జట్టు కప్పు తెస్తే దేశమంతా వీధుల్లో గంతులేసింది. నాలుగేళ్ళు తిరక్కుండా, 2002లో, అదే లె పెన్ అధ్యక్ష ఎన్నికల రెండో రౌండుకి చేరాడు. 2021 యూరోలో స్విట్జర్లండ్ మీద ఎంబాపె పెనాల్టీ పోగానే అతని రంగు మీద తిట్లు కురిశాయి. గెలిస్తే మనవాడు, ఓడితే వాళ్ళవాడు. కప్పు తెచ్చినంత మాత్రాన ఆ ప్రశ్న ఆగిపోదని నాకు అర్థమైంది.

ఇక్కడ మన తెలుగువాళ్ళకి సంబంధించిన పేరొకటి ఉంది. వికాష్ ధొరాసూ. ఆ ఇంటిపేరు వినగానే మా ఆవిడ, “ఇదేదో మన దొరల పేరులా ఉందే!” అంది. నిజంగానే మన పేరు. చెరుకు తోటల్లో పనికి కోరంగి రేవు నుంచీ, ఆ చుట్టుపక్కల నుంచీ పందొమ్మిదో శతాబ్దంలో మారిషస్ వెళ్ళిన మనవాళ్ళున్నారు కదా, అలాంటి తెలుగు కుటుంబం వాళ్ళది. వికాష్ ఫ్రాన్సులో ల హావ్ర్ పక్కన 1973లో పుట్టాడు. లియోన్‌తో రెండుసార్లు లీగ్ గెలిచాడు, మిలాన్‌కి ఆడాడు. 2006 ప్రపంచ కప్‌కి జిదాన్‌తో పాటు వెళ్ళి, రెండు మ్యాచ్‌లలో సబ్‌స్టిట్యూట్‌గా కాసేపు ఆడాడు. మిగతా కాలమంతా బెంచీ మీదే. ఆ ఎదురుచూపునంతా చిన్న కెమెరాతో తీస్తే అది ‘సబ్‌స్టిట్యూట్’ అనే సినిమా అయింది. గొప్పవాళ్ళ జాబితాలో అతనికి పీట వెయ్యలేను. కానీ ఆ బెంచీ నాకు బాగా తెలుసు. రెండు ఊళ్ళకీ చెందీ చెందకుండా, పిలుపు కోసం చూస్తూ కూర్చునే బెంచీ అది.

ఒక్కరికే పెద్దపీట అంటే నా ఓటు ప్లాటినీకి. పక్కవాళ్ళని కూడా గొప్పవాళ్ళని చేసే ఆట అతనిది. మావాడు ఒప్పుకోలేదు. వాడికి జిదానే.

ఇదంతా చెప్పాక వాడు కాసేపు ఆలోచించి, “అయితే ఈసారి ఎవరైనా అడిగితే ఏం చెప్పను నాన్నా?” అన్నాడు.

“మీ ఊరి పేరే చెప్పు. తరవాత వాళ్ళకి ఓపిక ఉంటే, మీ తాతగారి ఊరి పేరు కూడా చెప్పు. రెండూ నిజమే కదా!” అన్నాను.

తరవాతి శనివారం మ్యాచ్‌లో వాడు గోలేమీ కొట్టలేదు. ఒక మంచి పాస్ ఇచ్చాడు. ఇంకెవరో గోల్ చేశారు. నేను గట్టున నిలబడి అరిచాను. ఈసారి ఎందుకు అరుస్తున్నానో తెలిసే అరిచాను.