ఏ మైదానం ఏ కాలేజీకి దారి?

2018 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని ఏగల్‌లో జూనియర్ ప్రపంచ ట్రాక్ సైక్లింగ్ పోటీలు జరిగాయి. కీరిన్ పందెంలో ఎసో ఆల్బెన్ అనే కుర్రాడు రజతం గెలిచాడు. ప్రపంచ సైక్లింగ్ ఛాంపియన్‌షిప్ చరిత్రలో భారత్‌కు అదే మొదటి పతకం. ఆ కుర్రాడు పంజాబువాడో హర్యానావాడో కాదు, అండమాన్ నికోబార్ దీవులవాడు. మరుసటి ఏడాది జర్మనీలో రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్‌లతో కలిసి టీమ్ స్ప్రింట్‌లో ఏకంగా స్వర్ణమే పట్టుకొచ్చాడు.

అప్పటినుంచి దీవుల్లో పిల్లల ఆటలంటే పెద్దల చూపు మారింది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో డెలానీపూర్ ఒక పేట. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు దాదాపు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి పొట్ట చేతపట్టుకుని ఓడెక్కి వచ్చినవాళ్ల కుటుంబాలే వీళ్లలో ఎక్కువ. ఆ పేటలో అలాంటి ఇంట్లో ఆరో తరగతి పిల్లకి కాళ్లలో వేగం ఉందని పీఈటీ మాస్టారు చెబితే, ఇంట్లోవాళ్లకు మొదట వచ్చే సందేహం ఒక్కటే: ఎక్కడ చేర్పిస్తే రేపు కాలేజీ సీటుకు పనికొస్తుంది?

ఈ లెక్కలు వేయడంలో అమెరికావాళ్లు ఆరితేరిపోయారు. అక్కడ లాక్రోస్ అనే ఆట ఉంది. వల కట్టిన కర్రతో బంతిని పట్టి విసిరే ఆట, 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లోనూ చోటు దక్కించుకుంది. ఏ క్లబ్బులో ఆడితే ఏ కాలేజీ కోచ్ కంట పడతామన్నది అక్కడి తల్లిదండ్రులకు పెద్ద చర్చ. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా కాలేజీలకు మాట ఇచ్చేసే దాకా వెళ్లడంతో, 2017లో అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ అడ్డుకట్ట వేసింది. పదకొండో తరగతిలో సెప్టెంబరు 1 వచ్చేదాకా కోచ్‌లు పిల్లలతో చేరిక గురించి మాట్లాడకూడదని నిబంధన పెట్టింది. అంతా చేసి మూడో డివిజన్ కాలేజీలు, హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాలు ఆట పేరుతో స్కాలర్‌షిప్పే ఇవ్వవు. క్లబ్బుకు వేల డాలర్లు పోసినవాళ్లు ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకోవడమూ ఉంది.

మన దగ్గర లెక్క వేరు. ఇక్కడ కోచ్ పిల్లల్ని వెతుక్కుంటూ రాడు, పిల్లలే సర్టిఫికెట్ పట్టుకుని కాలేజీకి వెళ్లాలి. కాబట్టి శిక్షణ కేంద్రాలను పోల్చేటప్పుడు గోడ మీది కప్పుల కన్నా, అక్కడి పిల్లలు ఏ స్థాయి పోటీకి వెళ్తున్నారన్నది ముందు చూడాలి.

అండమాన్‌లో ప్రధానమైన దారి భారత క్రీడా ప్రాధికార సంస్థ, అంటే సాయ్ శిక్షణ కేంద్రం. ఎంపికై హాస్టల్లో చేరిన పిల్లలకు తిండి, వసతి, కోచింగ్, ఆట సామగ్రి అన్నీ సాయ్‌వే. రాణించినవాళ్లను ఢిల్లీకి, ఇందిరాగాంధీ స్టేడియం వెలోడ్రోమ్‌లోని జాతీయ సైక్లింగ్ అకాడమీకి పంపుతారు. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టిన ఆ వెలోడ్రోమ్‌లో చుట్టు 250 మీటర్లు, ట్రాక్ చెక్కది.

ఢిల్లీ ఎందుకో తెలియాలంటే కీరిన్ పందెం చూడాలి. మొత్తం ఆరు చుట్లు, కిలోమీటరున్నర. ముందు ఒక మోటారు బండి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో మొదలై 50 దాకా పెంచుకుంటూ పోతుంది. దాని వెనకే సైకిళ్లన్నీ వరుస కట్టాలి. మూడు చుట్లు మిగిలుండగా బండి పక్కకు తప్పుకుంటుంది, ఆపైన ఎవరి సత్తా వాళ్లది. ఈ సైకిళ్లకు బ్రేకులుండవు. చక్రం తిరుగుతున్నంతసేపు పెడళ్లు కూడా తిరగాల్సిందే. ఏటవాలు గోడలా లేచిన మలుపులో ముందువాడి చక్రానికి జానెడు దూరంలో నడపడం మామూలు రోడ్డు మీద వంటబట్టే విద్య కాదు.

2004 సునామీ నుంచి బతికి బయటపడ్డ కార్ నికోబార్ అమ్మాయి డెబోరా హెరాల్డ్‌ది కూడా ఇదే దారి. 2015 డిసెంబరులో 500 మీటర్ల టైమ్ ట్రయల్ ప్రపంచ ర్యాంకింగ్స్‌లో ఆమెది నాలుగో స్థానం. డేవిడ్ బెక్‌హామ్ ఎల్కటోచూంగో అదే దీవి నుంచి వచ్చి భారత జట్టులో చేరాడు. ఒక్క చిన్న దీవి నుంచి ఇంతమంది రావడం వెనక ఉన్నది, పిల్లల్ని చిన్నప్పుడే గుర్తించి వరుసగా పై మెట్టుకు పంపే ఏర్పాటు.

రెండో రకం స్థానిక క్లబ్బులు, సంఘాలు, సెలవుల్లో నడిచే కోచింగ్ శిబిరాలు. ఇల్లు వదలక్కర్లేదు, ఖర్చూ తక్కువే. అయితే ఆ క్లబ్బుకు రాష్ట్ర స్థాయి సంఘం నుంచి, దానికి జాతీయ సమాఖ్య నుంచి గుర్తింపు ఉందో లేదో కనుక్కోవాలి. లేకపోతే ఎన్ని పతకాలు తెచ్చినా ఆ కాగితాలు ఇంటి బీరువాకే పరిమితం.

ఆ కాగితాల్లోనూ తరగతులున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో ఫారం 1 అంటే దేశానికి ఆడినట్టు. ఫారం 2 రాష్ట్రం తరఫున జాతీయ పోటీలో ఆడినవాళ్లకు. ఫారం 3 అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు, ఫారం 4 జాతీయ పాఠశాల క్రీడలకు. ఒక్కోదాని మీద సంతకం పెట్టాల్సిన అధికారి వేరు. పోటీ అయిన వెంటనే ఆ ఫారం పూర్తి చేయించుకోనివాళ్లు ఏళ్ల తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

మూడో రకం క్రీడా పాఠశాలలు. హైదరాబాద్ దగ్గరి హకీంపేట బడి 1993లో మొదలైంది. కడపలో డాక్టర్ వైఎస్సార్ క్రీడా పాఠశాల ఉంది. హకీంపేటలో నాలుగో తరగతికే ఎంపిక. ఎత్తు, బరువు కొలిచి, 30 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, 800 మీటర్లు, మెడిసిన్ బాల్ విసరడం లాంటి పరీక్షలు పెడతారు. ఈ పాఠశాలలు ఆయా రాష్ట్రాల పిల్లల కోసం పెట్టినవి. దీవుల్లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు స్థానికత నిబంధన చూసుకోకుండా వాటి మీద ఆశ పెట్టుకోకూడదు.

ఇక కాలేజీల సంగతి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో స్పోర్ట్స్ సీట్లు మామూలు సీట్లకు అదనం. ఇటీవలి ప్రవేశాల్లో 75 శాతం వెయిటేజీ ఆటకు, 25 శాతం సీయూఈటీ ప్రవేశ పరీక్ష మార్కులకు ఇస్తున్నారు. గత మూడేళ్ల సర్టిఫికెట్లే చెల్లుతాయి, కాబట్టి తొమ్మిదో తరగతిలో గెలిచిన పతకం ఇంటర్ దాటేసరికి పాతబడిపోవచ్చు. ఐఐటీ మద్రాస్ 2024-25 నుంచి ప్రతి బీటెక్ కోర్సులో క్రీడాకారులకు రెండు అదనపు సీట్లు పెట్టింది, అందులో ఒకటి అమ్మాయిలకే. జాతీయ లేదా అంతర్జాతీయ పతకం ఉన్నా సరే, జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ సీట్లలో క్రీడల వాటా అర శాతం, అంటే రెండు వందల సీట్లకు ఒకటి.

సీటు దొరికాక ఆట ఆగిపోనక్కర్లేదు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ ఇందుకు మంచి ఉదాహరణ. సెక్యూరిటీ గార్డు కూతురు, హైదరాబాద్ సాయ్ హాస్టల్లో హర్డిల్స్ నేర్చుకుంది, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో చదివింది. 2020 జనవరిలో మూడబిదిరిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో ముగించింది. 2002 నాటి జాతీయ రికార్డు 13.38 కన్నా అది మెరుగే అయినా, డోప్ పరీక్ష ఏర్పాటు లేక లెక్కలోకి రాలేదు. 2022లో సైప్రస్‌లో 13.23తో ఆ రికార్డు అధికారికంగా ఆమె పేరు మీదికి వచ్చింది. 2023లో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 సెకన్లతో కాంస్యం గెలిచింది.

డెలానీపూర్ పిల్లలకు ఊళ్లోనే డిగ్రీ చదువుకునే వీలూ ఉంది. 1967లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ రాజ్‌కీయ మహావిద్యాలయ పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడుస్తూ వచ్చింది. అలాంటి అనుబంధ కాలేజీల పిల్లలు విశ్వవిద్యాలయం జట్టుకు ఎంపికైతే ఫారం 3కి అర్హులవుతారు. దానికి మళ్లీ సముద్రం దాటి సెలక్షన్‌కు వెళ్లాలి. అందుకే ఏ కేంద్రాన్నయినా ఎంచుకునే ముందు అడగాల్సిన ప్రశ్నలు నాలుగున్నాయి. గడిచిన రెండు మూడేళ్లలో ఇక్కడి పిల్లల్లో ఎందరు జాతీయ పోటీలకు వెళ్లారు? ప్రయాణ ఖర్చు ఎవరిది? పోటీల రోజుల్లో పోయిన పాఠాలు ఎవరు చెబుతారు? పన్నెండో తరగతి ముగించి వెళ్లిన పిల్లలు ఇప్పుడు ఎక్కడ చదువుతున్నారు? ఈ చివరి ప్రశ్నకు పేర్లతో, కాలేజీలతో జవాబు చెప్పగలిగిన కోచ్ దగ్గర దరఖాస్తు ఫారం తీసుకోవచ్చు.